డాలస్ ఉత్తర శివార్లలో ఇల్లు ఎంచుకోవడం ఎలా? స్కూలు, పన్ను, నేల, రాజకీయం

ఫిబ్రవరి దాటగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఫ్రిస్కో తీసుకోమంటావా, కాపెలా? ప్లానో పాతబడిపోయిందంటున్నారు, నిజమేనా? సౌత్‌లేక్‌లో మనవాళ్ళకి కుదురుతుందా?" ఎవరు అడిగినా నా ఎదురు ప్రశ్న ఒక్కటే: ఏ వీధిలో చూస్తున్నారు? పిల్ల ఏ బడికి వెళ్తుంది, పన్ను ఎంత పడుతుంది, ఆ బడిని నడిపే బోర్డులో ఎవరున్నారు, ఇవన్నీ ఇక్కడ ఇంటి చిరునామాని బట్టి మారిపోతాయి. ఒకే ఊళ్ళో రోడ్డుకి అటు పక్క ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఉంటే ఇటు పక్క ఇంకొకటి ఉంటుంది.

నేను ఇక్కడికి వచ్చి పదమూడేళ్ళయింది. రెండు ఇళ్ళలో అద్దెకి ఉండి, మూడోది కొన్నాను. మొదటిసారి వెతికినప్పుడు స్కూలు రేటింగ్, ఇంటి ముఖం తూర్పా కాదా, ఈ రెండే చూశాను. చూడకుండా వదిలేసిన వాటికే తర్వాత డబ్బూ పోయింది, నిద్రా పోయింది. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే వరుసగా చెబుతున్నాను.

ఇంకో మాట. ఐదారేళ్ళ క్రితం కొన్నవాళ్ళ సలహాలు జాగ్రత్తగా తీసుకోండి. ఫ్రిస్కో జనాభా 2000లో 34 వేలు కూడా లేదు, 2020 లెక్కలకి 2 లక్షలు దాటింది. ఇంత వేగంగా పెరిగే చోట అప్పటి ధరలూ స్కూలు హద్దులూ ఇప్పుడు ఉండవు.

1. ఇళ్ళు చూడకముందు ఇద్దరూ విడివిడిగా రాసుకోండి

భార్యాభర్తలిద్దరూ వేరువేరు కాగితాల మీద రాయండి. పిల్లలు ఏ క్లాసులో ఉన్నారు? ఈ ఇంట్లో ఎన్నేళ్ళు ఉండాలనుకుంటున్నారు? ఇద్దరి ఆఫీసులూ ఎక్కడ? అన్నిటికన్నా ముఖ్యం, మీరు దేన్ని భరించలేరు? ఒకరు రోజుకి గంటన్నర డ్రైవింగ్ భరించలేనని రాస్తారు. ఇంకొకరు పిల్లాడి క్లాసులో మనవాళ్ళు ఒక్కరూ లేకపోతే కష్టమని రాస్తారు. ఆ తేడా ఇంట్లో కూర్చున్నప్పుడే బయటపడాలి. బిల్డర్ ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు బయటపడితే చాలా బాధ.

హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు ఇంకొకటి రాసుకోవాలి. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజుల గడువు. అలాంటి రోజు వస్తే ఈ ఇంటిని అద్దెకి ఇచ్చి వెళ్ళగలరా? కొన్ని కమ్యూనిటీల్లో హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) నియమాలు అద్దెకి ఇవ్వడాన్ని పరిమితం చేస్తాయి. ఆ నియమాల పుస్తకం ముందే అడిగి తీసుకుని చదవండి. ఒక్కరి జీతంతో కొన్ని నెలలు కట్టగలిగే వాయిదాకి మించి వెళ్ళకండి.

2. చిరునామా పట్టుకుని బడిదాకా వెళ్ళండి

టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ (పొట్టిగా ఐఎస్‌డీ) అంటే నగరపాలికతో సంబంధం లేని వేరే ప్రభుత్వం. దాని హద్దులు దానివి, పన్ను దానిది, ఎన్నికలు దానివి. అందుకే పేర్లు కలిసినంత మాత్రాన ఊళ్ళు కలవవు. ప్లానో నగరంలోని కొన్ని ఇళ్ళు ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి, కొన్ని లూయిస్‌విల్ ఐఎస్‌డీలోకి, కొన్ని అలెన్ ఐఎస్‌డీలోకి వస్తాయి. ఫ్రిస్కో నగరంలో ఉండి ప్రాస్పర్ ఐఎస్‌డీకి వెళ్ళే పిల్లలున్నారు. ఇర్వింగ్‌లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే వ్యాలీ రాంచ్‌లో కొంత భాగం కాపెల్ ఐఎస్‌డీ, కొంత భాగం క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ. కాపెల్ స్కూళ్ళు కావాలి, కాపెల్ ధర పెట్టలేం అనుకునేవాళ్ళు ముందు అక్కడ వెతికేది ఇందుకే.

చేయాల్సింది ఇది. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో స్కూల్ లొకేటర్ ఉంటుంది. అందులో ఇంటి నంబరుతో సహా చిరునామా కొట్టండి. ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ రాసుకోండి. ఇళ్ళ యాప్‌లలో కనిపించే స్కూలు పేరు మీద ఆధారపడకండి. కొత్త కమ్యూనిటీల విషయంలో అది తప్పుగా చూపించడం నేను చాలాసార్లు చూశాను. తర్వాత డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: ఈ స్కూలు జోన్ (ఈ స్కూలుకి పిల్లలు వచ్చే ప్రాంతం) వచ్చే రెండేళ్ళలో మారే ఆలోచన ఉందా? ఈ స్కూలు నిండిపోతే పిల్లల్ని ఎక్కడికి పంపిస్తారు?

ఈ ప్రశ్నలు ప్రాస్పర్, సెలైనా లాంటి పెరుగుతున్న చోట్ల చాలా అవసరం. కొత్త స్కూలు కట్టినప్పుడల్లా జోన్లు తిరగరాస్తారు. నడిచి వెళ్ళే దూరంలో ఉందని కొన్న స్కూలు రెండేళ్ళకి మీది కాకుండా పోవచ్చు.

పాత శివార్లలో సమస్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ పిల్లలు తగ్గుతున్నారు. ప్లానో ఐఎస్‌డీ బోర్డు 2024లో నాలుగు స్కూళ్ళని మూసేయాలని నిర్ణయించింది. కాపెల్‌లోనూ ఒక ఎలిమెంటరీ స్కూలు మూతపడింది. ఇళ్ళ ధరలు పెరిగి చిన్నపిల్లలున్న జంటలు ఇంకా ఉత్తరానికి వెళ్ళిపోతున్నారు. రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల కేటాయింపు 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. పైగా ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు తమ పన్నులో కొంత భాగాన్ని రాష్ట్రానికి తిరిగి కట్టాలి. దీన్ని ఇక్కడ అందరూ రాబిన్ హుడ్ అంటారు. ఊరు ఎంత సంపన్నమైనా స్కూలు బడ్జెట్ బిగుసుకుపోవడానికి కారణాలివి. స్కూలు మూతపడిందని ఆ డిస్ట్రిక్ట్ చెడిపోయిందనుకోవద్దు. మీరు చూస్తున్న స్కూల్లో గత ఐదేళ్ళలో పిల్లల సంఖ్య పెరిగిందా, తగ్గిందా అని మాత్రం తప్పకుండా చూడండి.

3. రేటింగ్ దాటి స్కూలు లోపలికి చూడండి

రాష్ట్రం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు, వెబ్‌సైట్లు ఇచ్చే పదికి పది, చాలావరకు పరీక్ష మార్కుల మీద ఆధారపడినవే. ఆ మార్కులు ఎక్కువగా తల్లిదండ్రుల చదువునీ సంపాదననీ అనుసరిస్తాయి. తొమ్మిదికీ పదికీ మధ్య తేడా కోసం అదనంగా లక్ష డాలర్లు పెట్టడం నాకు సబబుగా అనిపించదు. నాలుగుకీ తొమ్మిదికీ మధ్య తేడా ఉంటే అది వేరే సంగతి, కారణమేంటో తెలుసుకోండి.

హైస్కూలు వయసు పిల్లలున్నవాళ్ళు ఈ కింది విషయం రెండుసార్లు చదవండి. టెక్సస్‌లో 1997 నుంచి ఒక చట్టం ఉంది. హైస్కూలు ర్యాంకులో పై 10 శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు తప్పనిసరిగా ఇవ్వాలి. యూటీ ఆస్టిన్‌కి మాత్రం తన శాతాన్ని తగ్గించుకునే వీలుంది. 2026 ఫాల్‌లో చేరేవాళ్ళ నుంచి అది పై 5 శాతమే. అంటే 500 మంది ఉన్న క్లాసులో 25 మంది. ఆ క్లాసులో వంద మంది పిల్లలు దాదాపు అన్ని సబ్జెక్టుల్లో ఏ గ్రేడ్ తెచ్చుకునేవాళ్ళే అయితే ర్యాంకు దశాంశాల్లో తేలుతుంది. ర్యాంకు లెక్కలో తక్కువ పాయింట్లు వచ్చే క్లాసు తీసుకుంటే సగటు పడిపోతుందని బ్యాండ్, బొమ్మలు, నాటకం మానేసిన పిల్లల్ని నేను చూశాను. ఇష్టంగా వయొలిన్ వాయించే అమ్మాయి తొమ్మిదో తరగతిలో దాన్ని పెట్టెలో పెట్టేసింది. వాళ్ళమ్మ ఆ మాట చెబుతూ ఏడ్చింది.

ఇంకా చాలామందికి తెలియనిది: ఆ ర్యాంకుతో యూనివర్సిటీలో సీటు వస్తుంది కానీ కోరిన బ్రాంచి వస్తుందన్న హామీ లేదు. కంప్యూటర్ సైన్స్‌కి పోటీ వేరే. కాబట్టి "ఆస్టిన్ కోసమే ఈ స్కూలు" అనుకుని కొనేవాళ్ళు ఒక్కసారి ఆగి ఆలోచించండి. అత్యంత పోటీ ఉన్న హైస్కూల్లో ముప్పయ్యో స్థానం కన్నా, కాస్త కలగలుపు పిల్లలున్న మంచి స్కూల్లో పదో స్థానం మీ పిల్లాడికి ఎక్కువ మేలు చేయొచ్చు, మనసుకీ మేలు చేయొచ్చు. ఈ మాట మనవాళ్ళ విందుల్లో చెబితే చాలామందికి నచ్చదు. అయినా పదమూడేళ్ళలో ఎందరో పిల్లలు పెరగడం చూశాక ఇదే నా అభిప్రాయం.

స్కూళ్ళ ఏర్పాటు కూడా ఊరూరికీ మారుతుంది. ఫ్రిస్కో ఐఎస్‌డీ కావాలనే చిన్న హైస్కూళ్ళు కట్టింది. 2022లో తెరిచిన పాంథర్ క్రీక్‌తో పన్నెండయ్యాయి. స్కూళ్ళు ఎక్కువైతే టీముల్లో, బ్యాండ్‌లో, క్లబ్బుల్లో చోటు దొరికే పిల్లలూ ఎక్కువవుతారు. అలెన్‌లో ఊరంతటికీ ఒకటే హైస్కూలు, వేల మంది పిల్లలు. 2012లో 6 కోట్ల డాలర్లతో కట్టిన 18 వేల సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం ఆ ఊరి మనసెక్కడుందో చెబుతుంది. కలివిడి పిల్లలకి అంత పెద్ద స్కూలు పండగలా ఉంటుంది. మొహమాటస్తులైన పిల్లలు అందులో తప్పిపోవచ్చు. ప్లానోలో తొమ్మిది, పది తరగతులు ఒక హైస్కూల్లో, పదకొండు, పన్నెండు సీనియర్ హైలో. మధ్యలో స్నేహితుల గుంపు మారుతుంది. కొందరు పిల్లలకి అదే కొత్త ఊపిరి.

ఎలా తెలుసుకోవాలి? మధ్యాహ్నం బడి వదిలే వేళకి వెళ్ళి దూరంగా నిలబడి చూడండి. పిల్లలు నవ్వుతూ బయటికొస్తున్నారా, ఎవరితో ఎవరు నడుస్తున్నారు? ఒక శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకో, బ్యాండ్ కచేరీకో వెళ్ళండి. తల్లిదండ్రులని అడిగితే తాము పెట్టిన ధరని సమర్థించుకుంటారు. కాబట్టి పదో తరగతి, పదకొండో తరగతి పిల్లలని అడగండి: "ఎన్నింటికి పడుకుంటావు? క్లాసులో ఎవరైనా తప్పు చేస్తే టీచర్ ఏం చేస్తారు?" కౌన్సెలర్‌ని కలిస్తే, పై క్లాసు లెక్కల్లోకి ఎప్పుడు ఎలా చేర్చుకుంటారో, మధ్యలో చేరిన పిల్లలకి ఆ దారి తెరిచి ఉంటుందో లేదో అడగండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. చిన్నపిల్లలైతే సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్.

4. ఇంటి ధర పక్కన పన్ను, దాని పక్కన నేల రాయండి

రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదని సంతోషపడి వస్తాం. ఆ లోటుని ఇంటి పన్ను భర్తీ చేస్తుంది. నగరం, కౌంటీ, కాలేజీ, స్కూలు అన్నీ కలిపి చాలాచోట్ల ఇంటి విలువలో 2 శాతం చుట్టూ ఉంటుంది. 7 లక్షల డాలర్ల ఇంటికి అది ఏడాదికి సుమారు 14 వేలు, నెలకి 1,170 దాకా. లోను తీరిపోయినా ఇది తీరదు.

కొత్త కమ్యూనిటీల్లో ఇంకో రెండు పేర్లు వినిపిస్తాయి: మడ్, పిడ్. రోడ్లు, నీళ్ళు, మురుగు పైపులు వేయడానికి తెచ్చిన అప్పుని ఇంటి యజమానుల దగ్గర వసూలు చేసే ఏర్పాట్లు ఇవి. దీనితో పన్ను ఇంకో అర శాతం పెరగొచ్చు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. పక్కపక్కనే ఉన్న రెండు కమ్యూనిటీల్లో ఒకదానికి ఉంటుంది, రెండోదానికి ఉండదు. ధర తక్కువగా కనిపిస్తే ముందు ఇదే అడగండి. ఇళ్ళకి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో చిరునామా కొడితే ఏ ఏ సంస్థలు పన్ను వేస్తున్నాయో వరసగా కనిపిస్తుంది.

కొత్త ఇల్లు కొనేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. పన్ను జనవరి 1 నాటి స్థితిని బట్టి వేస్తారు. ఆ రోజుకి మీ ఇల్లు ఖాళీ స్థలమే అయితే మొదటి ఏడాది పన్ను చాలా తక్కువ వస్తుంది. బ్యాంకు ఆ లెక్కతోనే నెలవారీ వాయిదా కట్టించుకుంటే రెండో ఏడాది ఎస్క్రో (పన్ను, బీమా కోసం బ్యాంకు పక్కన పెట్టే ఖాతా) లోటని ఒక్కసారిగా నెలకి వెయ్యి డాలర్ల దాకా పెరగొచ్చు. మా వీధిలో ఒక కుటుంబానికి ఇలాగే అయింది. ఆ ఏడాది వాళ్ళు ఇండియా ప్రయాణం మానుకున్నారు. లోను తీసుకునేటప్పుడే పూర్తయిన ఇంటి విలువ మీద పన్ను లెక్క కట్టమని రాతపూర్వకంగా అడగండి.

ఇక నేల. ఈ విషయం ఏజెంట్లు ముందుగా చెప్పరు, మనకి మాత్రం ఊళ్ళోనే తెలిసిన సంగతి. డాలస్ నుంచి ఉత్తరానికి పరుచుకున్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటే అచ్చంగా మన నల్లరేగడి. గుంటూరు, కర్నూలు చేలల్లో ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. దాని మీద కాంక్రీటు పలకలా పోసిన పునాది ఉంటుంది. నేల ఒక పక్క ముడుచుకుని ఇంకో పక్క ఉబ్బితే పునాది వంగుతుంది.

ఇల్లు చూసేటప్పుడు తలుపుల పై మూలల నుంచి ఏటవాలుగా బీటలు ఉన్నాయా, తలుపులు సరిగ్గా పడుతున్నాయా, బయట ఇటుకల మధ్య మెట్లలా పగుళ్ళు ఉన్నాయా గమనించండి. పెద్ద చెట్టు గోడకి ఆనుకుని ఉంటే అది నేలలో తడిని లాగేస్తుంది. అనుమానం ఉంటే మామూలు ఇన్‌స్పెక్టర్‌తో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. కొన్ని వందల డాలర్ల ఖర్చు, పునాది బాగుచేయించాలంటే వేలల్లో. ఇంతకుముందు బాగుచేయించిన ఇల్లయితే భయపడి వదిలేయక్కర్లేదు. ఆ వారంటీ మీ పేరు మీదకి మారుతుందో లేదో చూడండి చాలు.

వడగళ్ళు కూడా. ఇక్కడ వసంతంలో పడే వడగళ్ళకి కప్పులు పాడవుతాయి. చాలా పాలసీల్లో వడగళ్ళ నష్టానికి మన వాటా ఇంటి బీమా విలువలో 1 శాతమో 2 శాతమో ఉంటుంది. 5 లక్షల బీమాకి 2 శాతం అంటే మొదటి 10 వేలు మీవే. కప్పు వయసు ఎంతో అడిగి, ఆప్షన్ పీరియడ్ అయిపోకముందే బీమా కొటేషన్ తెచ్చుకోండి. ఒప్పందం మీద సంతకం చేశాక చిన్న రుసుముకి దొరికే ఆ వారం పది రోజుల్లో ఏ కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు. ఇంజనీరు, బీమా, స్కూలుకి ఫోను, అన్నీ ఆ రోజుల్లోనే.

తూర్పు ముఖం గురించి ఒక్క మాట. నమ్మకం ఉన్నవాళ్ళు చూసుకోండి, తిరిగి అమ్మేటప్పుడు కూడా ఈ శివార్లలో దానికి గిరాకీ ఉంది. దానికోసం వంగిన పునాదిని మాత్రం సరిపెట్టుకోకండి.

5. రాజకీయం: ఎక్కడ చూడాలి, ఎలా చూడాలి

దీని గురించి మనవాళ్ళు గట్టిగా మాట్లాడరు. కానీ అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కొందరికి సంప్రదాయ భావాలున్న ఊరు కావాలి, ఇంకొందరికి ఉదారంగా ఉండే ఊరు కావాలి. రెండు కోరికలూ న్యాయమైనవే. ఎవరికి ఏది సరిపోతుందో నేను చెప్పను, ఎలా తెలుసుకోవాలో చెబుతాను.

ముందుగా, ఊరు మారితే తప్పించుకోలేనివి ఏవో వేరు చేయండి. రాష్ట్ర చట్టాలు అన్ని శివార్లకీ ఒకటే. 2025లో చేసిన చట్టాలతో స్కూలు సమయంలో పిల్లల ఫోన్లు నిషేధించారు. ప్రైవేటు చదువుకి ప్రభుత్వ డబ్బిచ్చే 100 కోట్ల డాలర్ల పథకం తెచ్చారు. తరగతి గదుల్లో క్రైస్తవుల పది ఆజ్ఞల పటం పెట్టాలన్నారు. ఈ చివరిదాని మీద కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు, వాళ్ళలో హిందువులూ ఉన్నారు. ప్లానో ఐఎస్‌డీతో సహా కొన్ని డిస్ట్రిక్టుల్లో దాన్ని ఆ ఆగస్టులో ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా ఆపారు. ఇలాంటి వాటి మీద మీకు గట్టి అభిప్రాయం ఉంటే ఆలోచించాల్సింది రాష్ట్రం గురించి, శివారు గురించి కాదు.

తర్వాత ఓట్లు. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఉండదు. కాబట్టి కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్‌లో పోలింగ్ ప్రెసింక్టు వారీగా ఫలితాలు చూడాలి. ఒకే కౌంటీలో పక్కపక్క ప్రెసింక్టులు వేరుగా ఓటేస్తాయి. కౌంటీ మొత్తం కూడా స్థిరంగా ఉండదు. ప్లానో, అలెన్ ఉన్న కాలిన్ కౌంటీలో ట్రంప్ ఆధిక్యం 2016లో 16 శాతం పైన, 2020లో 5 లోపు, 2024లో మళ్ళీ 10 పైన. "ఇది ఎర్ర (రిపబ్లికన్) ఊరు, అది నీలం (డెమొక్రాట్) ఊరు" అనే మాటలు అంతవరకే.

మీ పిల్ల రోజుని నిజంగా తాకేది స్కూలు బోర్డు. అభ్యర్థుల పేర్ల పక్కన పార్టీ ఉండదు, ఓటేసేవాళ్ళు తక్కువ, కాబట్టి కొద్దిమంది పట్టుదలగా పనిచేస్తే డిస్ట్రిక్ట్ దారే మారిపోతుంది. సౌత్‌లేక్ అందుకు ఉదాహరణ. అక్కడి క్యారల్ ఐఎస్‌డీలో 2018లో కొందరు విద్యార్థులు జాతి దూషణ చేస్తున్న వీడియో బయటికొచ్చింది. ఆ తర్వాత డిస్ట్రిక్ట్ 2020లో సాంస్కృతిక అవగాహన కోసం ఒక ప్రణాళిక ముందుకు తెచ్చింది. ఊరు రెండుగా చీలింది. 2021 మేలో దాన్ని వ్యతిరేకించిన అభ్యర్థులు దాదాపు 70 శాతం ఓట్లతో గెలిచారు, ప్రణాళిక ఆగిపోయింది. కొందరు తల్లిదండ్రులకి అది ఊరిని కాపాడుకోవడం, ఇంకొందరికి తమ పిల్లల మాట వినకపోవడం. మీరు ఆ రోజు ఆ హాల్లో ఉంటే ఏ వరసలో కూర్చునేవాళ్ళో ఆలోచించండి. మీకు సరిపడే ఊరు ఏదో అక్కడే తెలుస్తుంది.

కాబట్టి మీ చివరి రెండు మూడు డిస్ట్రిక్టుల బోర్డు సమావేశాల వీడియోలు తలా రెండు చూడండి. వేగం పెంచి చూసినా ఫర్వాలేదు. ఎక్కువ సేపు దేని మీద మాట్లాడారు, పుస్తకాల మీదా, బడ్జెట్ మీదా? మాట్లాడటానికి వచ్చిన తల్లిదండ్రులని మర్యాదగా విన్నారా? ఐదేళ్ళలో సూపరింటెండెంట్లు ఎంతమంది మారారు? స్కూల్ క్యాలెండర్ తెరిచి దీపావళి, ఈద్ రోజుల్లో ఏం ఉందో చూడండి. ఆ రోజు పరీక్ష పెట్టకూడదన్న నియమం ఉందా?

నగర కౌన్సిల్ గొడవలు ఎక్కువగా అపార్ట్‌మెంట్ల గురించి. ప్లానో 2015లో "ప్లానో టుమారో" పేరుతో ఒక నగర ప్రణాళిక ఆమోదించింది. ఇళ్ళు, జనం మరీ దట్టమైపోతాయని కొందరు నివాసులు కోర్టుకెళ్ళారు. ఏళ్ళ తరబడి పోరాటం తర్వాత 2020లో అది రద్దయింది. మీ వెనక ఖాళీ స్థలం ఉంటే అక్కడ ఏం కట్టడానికి అనుమతి ఉందో నగరం జోనింగ్ మ్యాప్‌లో చూసుకోండి. మీ తమ్ముడు అద్దెకి ఇల్లు వెతుక్కోవాల్సి వస్తే ఆ ఊళ్ళో దొరుకుతుందా అనేది కూడా ఇదే ప్రశ్న.

అక్టోబరులో ఆ వీధుల్లో నెమ్మదిగా కారు నడిపి ముంగిళ్ళలో బోర్డులు చూడండి. సాయంత్రం నడిచి చూడండి, ఎవరు పలకరిస్తారో తెలుస్తుంది.

తుపాకుల గురించి కూడా మాట్లాడాలి. 2023 మే 6న అలెన్ ఔట్‌లెట్ మాల్ కాల్పుల్లో 8 మంది చనిపోయారు, హైదరాబాద్‌కి చెందిన ఒక యువ ఇంజనీరు కూడా వాళ్ళలో ఉంది. ఏ శివారూ దీనికి అతీతం కాదు, ఆ లెక్కతో ఊళ్ళకి ర్యాంకులు వేయకండి. పిల్లని స్నేహితురాలి ఇంటికి పంపేముందు మాత్రం "మీ ఇంట్లో తుపాకీ ఉంటే తాళం వేసి ఉందా?" అని అడగండి. ఇక్కడ చాలామంది తల్లులు అడుగుతారు, తప్పుగా అనుకోరు.

ఓటు లేనివాళ్ళకి ఒక జాగ్రత్త. హెచ్‌1బీ వాళ్ళకీ, గ్రీన్‌కార్డు వాళ్ళకీ ఈ ఎన్నికల్లో ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఓటరుగా నమోదవుతారా అని అడిగితే వద్దనే చెప్పండి. పొరపాటున నమోదైతే వలస కేసు దెబ్బతినవచ్చు. వీసా మీద ఉన్నవాళ్ళు ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదు, అది స్థానిక ఎన్నికలకీ వర్తిస్తుంది. బోర్డు సమావేశంలో లేచి మూడు నిమిషాలు మాట్లాడటానికి మాత్రం తల్లిదండ్రులైతే చాలు. మాట్లాడండి.

6. ఒక మామూలు మంగళవారం అక్కడ గడపండి

ఆఫీసుకి వెళ్ళే వేళకే ఆ ఇంటి ముందు నుంచి బయల్దేరి చూడండి. డాలస్ నార్త్ టోల్‌వే, 121, 75 ఈ మూడూ పొద్దున ఎలా ఉంటాయో మ్యాప్ పూర్తిగా చెప్పదు. టోల్ నెలకి ఎంతవుతుందో లెక్కేయండి.

అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుంటారు కదా, వాళ్ళకోసం కూడా చూడండి. సాయంత్రం నడిచి వెళ్ళేంత దూరంలో పార్కు, తెలుగులో మాట్లాడే ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, ఇర్వింగ్‌లో ఏక్తా మందిర్, ప్లానోలో గణేశ గుడి ఉన్నాయి. మనబడి తరగతులు, ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ వాళ్ళ సాహిత్య సభ నెల నెలా తెలుగు వెన్నెల ఎంత దూరమో చూడండి. వీటికి దగ్గరగా ఉన్నవాళ్ళ పిల్లలకి తెలుగు నిలబడటం నేను చూశాను.

7. ఇంకా తేలకపోతే ఏడాది అద్దెకి ఉండండి, తేలితే ఈ పనులు చేయండి

వేరే రాష్ట్రం నుంచి వస్తున్నవాళ్ళు వీలైతే మొదటి ఏడాది ఆ స్కూలు జోన్‌లోనే అద్దెకి ఉండండి. అద్దె వృథా అని అందరూ అంటారు. తప్పు ఇల్లు కొని రెండేళ్ళకి అమ్మితే ఏజెంట్ల కమీషన్, లోను ఖర్చులు కలిపి పోయేది అంతకన్నా చాలా ఎక్కువ.

కొన్నాక డ్రైవింగ్ లైసెన్సు మీద కొత్త చిరునామా వేయించుకుని, హోమ్‌స్టెడ్ మినహాయింపుకి దరఖాస్తు పెట్టండి. పౌరసత్వం అక్కర్లేదు, అది మీరు ఉండే ఇల్లయితే చాలు. దీనితో స్కూలు పన్ను లెక్కలో 1,40,000 డాలర్ల విలువ తగ్గుతుంది, అంటే ఏడాదికి సుమారు 1,400 పైన మిగులు. ఆ తర్వాతి ఏడాది నుంచి పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. ఈ దరఖాస్తుకి రుసుము లేదు, పెట్టిస్తామని డబ్బడిగే ఉత్తరాలు వస్తే పక్కన పడేయండి. జూన్ నుంచి పునాది చుట్టూ సోకర్ పైపుతో నేలని సమంగా తడుపుతూ ఉండండి.

ఏప్రిల్, మే నెలల్లో అప్రైజల్ నోటీసు వస్తుంది. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే అప్పటిలోగా ఆన్‌లైన్‌లోనే అభ్యంతరం పెట్టొచ్చు. చాలా డిస్ట్రిక్టుల్లో స్కూలు బోర్డు ఎన్నికలు కూడా మే మొదటి శనివారమే. పౌరసత్వం వచ్చినవాళ్ళు అంతకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి, కాబట్టి మార్చిలోనే ఆ పని ముగించండి.